నిర్దోషుల దుఃఖము - లిస్బన్ భూకంపము

పసిబిడ్డ పోయిన ఇంటికి పరామర్శకు వెళ్లినవారికి నోట మాట రాదు. అయినను ఏదో ఒకటి అనవలెనను తొందరలో ఒకరు "అంతయు దైవేచ్ఛ" అందురు. మరియొకరు "ఏ జన్మమునాటి కర్మమో" అందురు. ఆ మాట అన్నవారి మనస్సు కొంత తేలికపడునేమో కాని, విన్న తల్లి మనస్సు తేలికపడునా యనునది సందేహమే. దుఃఖమునకు కారణమును పూర్వజన్మమున వెదకుట మన దేశమున అనాదిగా వచ్చుచున్న అలవాటు. క్రైస్తవ మతమున ఆ త్రోవ లేదు. ఆ మతము ననుసరించి మనుజునకు జన్మ మొక్కటే. దేవుడు ఒక్కడే. ఆయన సర్వశక్తిమంతుడు, కరుణామయుడు. మరి అట్టివాడు ఏలెడి లోకమున మంచిచెడ్డ లెరుగని శిశువు ఏల బాధపడవలెను? ఆయన ఆపలేకనా? ఆపుటకు ఇష్టము లేకనా?

ఈ ప్రశ్న కొత్తది కాదు. క్రైస్తవులకు యూదులనుండి సంక్రమించిన యోబు గ్రంథము దీనిని గూర్చినదే. పిదప వచ్చిన పండితులలో అగస్టీన్ మహాశయుడు, చెడుగునకు స్వతంత్రమైన ఉనికి లేదనియు, అది మంచి లోపించుటయే యనియు, మనుజుడు తన స్వేచ్ఛను దుర్వినియోగము చేయుటయే దానికి మూలమనియు వివరించెను. ఇట్లు గ్రంథములలో శతాబ్దములపాటు సాగిన చర్చ ఒకానొక ఉదయమున నడివీధిలోనికి వచ్చి నిలిచినది. ఆ ఉదయమును గూర్చియే మేము ఈ ప్రసంగమున ముచ్చటింపదలచితిమి.

అది 1755వ సంవత్సరము నవంబరు 1వ తేది, శనివారము. పోర్చుగల్ రాజధానియైన లిస్బన్ ఆనాడు బ్రెజిల్ బంగారముతో తులతూగుచుండిన నగరము. దాదాపు రెండు లక్షల జనులకు నివాసము. ఆ దినము సకల పరిశుద్ధుల పండుగ. చర్చీలన్నియు భక్తులతో క్రిక్కిరిసి యుండెను. బలిపీఠములపై క్రొవ్వొత్తులు వెలుగుచుండెను. ఉదయము తొమ్మిదిన్నర దాటిన కొలది నిమిషములకు భూమి కంపించెను. కొన్ని నిమిషములలో మాటిమాటికి వచ్చిన ఆ అదురులకు రాతి కప్పులు ప్రార్థించుచున్నవారి తలలపై కూలిపోయెను. తప్పించుకొన్నవారు బయలు ప్రదేశమని టాగస్ నదీతీరమునకు పరుగిడిరి. రమారమి నలువది నిమిషములకు సముద్రము నదీముఖమునుండి పొంగివచ్చి వారిలో పెక్కుమందిని కొనిపోయెను. ఇంతలో ఒరిగిన క్రొవ్వొత్తులనుండియు, వంటపొయ్యిలనుండియు నిప్పంటుకొని, నగరము ఇంచుమించు ఐదారు దినములు తగులబడెను. చనిపోయినవారిని గూర్చిన అంచనాలు 10,000 మొదలు 60,000 వరకు కలవు.

సకల పరిశుద్ధుల పేరిట నెలకొల్పిన రాజవైద్యశాల, కదలలేని రోగులతో సహా కాలిపోయెను. 70,000 సంపుటములుండిన రాజగ్రంథాలయము నశించెను. చర్చీలును మఠములును నేలమట్టమయ్యెను. కార్మో మఠపు చర్చి కప్పులేని మొండిగోడలతో నేటికిని అక్కడ నిలిచియున్నది. వేశ్యావాటిక మాత్రము పెద్దగా చెక్కుచెదరలేదని లోకులు చెప్పుకొనిరి. ఇట్టి విపత్తును చూచి పాపపుణ్యముల లెక్క కట్టబూనినవారికి ఆ లెక్క ఎట్లు కుదురును?

అయినను లెక్క కట్టినవారు లేకపోలేదు. లిస్బన్ నగరము కాథలిక్కుల విచారణ న్యాయస్థానమునకు నెలవు. మతద్రోహులని ముద్రపడినవారిని శిక్షించి కాల్చిన పట్టణము. కావున దేవుని ఆగ్రహమునకు అదియే కారణమని ప్రొటెస్టెంటు బోధకులు పలువురు తలపోసిరి. ఇంగ్లండులో మెథడిస్టు ఉద్యమమునకు నాయకుడైన జాన్ వెస్లీ ఆ సంవత్సరమే ఒక చిన్న పుస్తకమును ప్రకటించి, భూకంపము దైవహస్తమున జరిగిన పనియేయని వాదించెను. లిస్బన్‌లోని కాథలిక్ బోధకులలో కొందరు దీనికి సరిగా విరుద్ధమైన కారణము చెప్పిరి: మతద్రోహులను ఉపేక్షించినందులకే ఈ శిక్ష వచ్చినదట! ఇరుపక్షములకును సాక్ష్యము ఆ శవములే. చచ్చినవారు నోరు తెరచి కాదనలేరు కదా.

ఆ బోధకులలో గేబ్రియేల్ మలగ్రీడా యను జెసూట్ గురువు ముఖ్యుడు. ఇటలీలో జన్మించి, బ్రెజిల్ అరణ్యములలో దీర్ఘకాలము మతసేవ చేసి, పరిశుద్ధుడని పేరొందిన వృద్ధుడు. భూకంపమునకు నిజమైన కారణ మేదో తేల్చెదనని అతడు 1756లో ఒక పుస్తకమును ప్రచురించెను. ప్రకృతి కారణములని చెప్పుట అపచారమనియు, ప్రజల పాపములే కారణమనియు దాని సారాంశము. ఇల్లు వాకిలి పోయినవారు గుడిసెలు వేసికొనుటకు చూపు శ్రద్ధ ప్రాయశ్చిత్తమునందు చూపుట లేదని కూడ అతడు ఆక్షేపించెను. ఈ విషయము నొక్కింత నిదానించి చూడవలెను. దుఃఖమునకు చెప్పిన వివరణ దుఃఖితునికి అందవలసిన సహాయమునకే అడ్డుపడినది. ఆకాశమునుండి పడిన శిక్షయే అయినచో, శిక్షితునకు నీడ కల్పించుట దేవునికి ఎదురు నడచుటయే యగును!

ఆనాటి మంత్రి సెబాస్టియన్ జోసె కార్వాల్హో, తరువాతి కాలమున మార్క్విస్ పొంబాల్ అని ప్రసిద్ధికెక్కినవాడు, ఈ వాదమును సహింపలేదు. చనిపోయినవారిని పూడ్చుట, బ్రతికినవారికి అన్నము పెట్టుట, ఇవియే మొదటి పనులని అతడు ఎంచెను. మతాధికారుల అనుమతితో శవములను పడవల కెత్తించి సముద్రమున విడిపించెను. ధాన్యము ధర పెరుగకుండ కట్టడి చేసెను. దోపిడిగాండ్రకు ఉరికంబములు నాటించెను. బ్రిటిష్ పార్లమెంటు లక్ష పౌనుల సహాయమును మంజూరు చేసెను. కంపము ఎంతసేపు నిలిచినది, సముద్రము ముందుగా పొంగినదా తీసినదా, ఎందరు మరణించిరి అను ప్రశ్నలను దేశమందలి చర్చి గురువులందరికిని పంపి, పొంబాల్ జవాబులు తెప్పించెను. ఏ పాపము వలన అని గాక, ఏ విధముగ అని అడుగుట అందలి విశేషము. నేటి భూకంప శాస్త్రజ్ఞులకు ఆ జవాబులు నేటికిని ఉపకరించుచున్నవి. ఆఫ్రికా, యురేషియా భూఫలకములు కలియు సరిహద్దున, అట్లాంటిక్ సముద్రగర్భమున ఆ కంపము పుట్టినదని వారు నిర్ణయించినారు.

ఇక తత్త్వవేత్తల మాట. జర్మను పండితుడు లైబ్నిజ్ 1710లో దైవన్యాయమును సమర్థించుచు ఒక గ్రంథమును రచించి, దేవుడు సృష్టింపగల లోకములన్నిటిలో ఈ లోకమే ఉత్తమమైనదని ప్రతిపాదించెను. చిత్రపటమున నీడ లేనిదే వెలుగు రాణింపనట్లు, సృష్టియందు బాధయు సమగ్రతకు అవసరమని ఈ త్రోవలోనివారు తలచిరి. విద్యావంతులలో ఇది ఒక ఓదార్పుగా చెల్లుబడి అగుచుండెను. లిస్బన్ వార్త విన్న ఫ్రెంచి రచయిత వోల్టేర్ వెంటనే ఒక దీర్ఘకావ్యమును వ్రాసి, తల్లి రొమ్ముపై నలిగిపోయిన శిశువు ఏ నేరము చేసినదని నిలదీసెను. 1759లో 'కాండీడ్' అను వ్యంగ్యకథలో ఆ ఉత్తమలోక వాదమును నవ్వులపాలు చేసెను. రూసో ఆయనతో ఏకీభవింపలేదు. ఆరేడంతస్తుల ఇండ్లను ఒకచోట కుప్పగా కట్టినది ప్రకృతి కాదు, మనుజులే కదా యని 1756లో ఆయనకు లేఖ వ్రాసెను. ఇందు సత్యము కలదు. దుఃఖములో కొంత పాలు మన చేతులతో మనము కట్టుకొన్నదే. కాని ఇంటి నెవరు కట్టినను అందు నిద్రించు శిశువు కట్టలేదు. కావున ప్రశ్న అట్లే మిగిలినది.

ఈ భూకంపముతో క్రైస్తవ విశ్వాసము కూలినదని కొందరు వ్రాయుచుందురు. మాకు అట్లు తోచదు. కూలినది విశ్వాసము కాదు; ప్రతి దుఃఖమునకును లెక్క చెప్పగలమను ధీమా. ఆ ధీమాను క్రైస్తవుల వేదమే అంగీకరింపలేదని చూపుట కష్టము కాదు.

యోబు నీతిమంతుడు. సంపద పోయినది, బిడ్డలు పోయిరి, దేహమెల్ల వ్రణమైనది. అతని స్నేహితులు వచ్చి ఏడు దినములు నేలపై అతనితో మౌనముగా కూర్చుండిరి. అంతవరకు వారు మంచి స్నేహితులే. నోరు విప్పి, నీవు పాపము చేసియుందువు, లేనిచో దేవుడు శిక్షింపడు అని వాదించుట మొదలిడినప్పుడు వారు అతనికి శత్రువులైరి. గ్రంథాంతమున దేవుడు కోపించినది తన్ను ప్రశ్నించిన యోబుపై కాదు; తన పక్షమున వాదించిన ఆ స్నేహితులపై! దేవునికి వకాల్తా పుచ్చుకొన్నవారిని దేవుడే కాదనెను.

లూకా సువార్తలో లిస్బన్‌కు అచ్చముగా సరిపోలిన ప్రసంగ మొకటి కలదు. యెరూషలేమున సిలోయము నొద్ద గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయిరి. వారు తక్కినవారికంటె పాపాత్ములా యని అడిగి, కాదని యేసు తానే తేల్చి చెప్పెను. మీరును మారుమనస్సు పొందుడని హెచ్చరించిన మాట నిజమే. కాని ఆ హెచ్చరిక బ్రతికియున్నవారికి, చనిపోయినవారిపై తీర్పు కాదు. యోహాను సువార్తలోని పుట్టుగ్రుడ్డివాని కథ మన శ్రోతలకు మరింత ఆసక్తి కలిగించును. వీడు గ్రుడ్డివాడై పుట్టుటకు వీడు చేసిన పాపము కారణమా, తల్లిదండ్రుల పాపమా యని శిష్యులు అడిగిరి. మన ఊరి రచ్చబండపైన వినబడు ప్రశ్నయే యిది! రెండును కావని చెప్పి యేసు ఆ గ్రుడ్డివానికి చూపు నొసగు పనికి పూనుకొనెను.

కాంట్ మహాశయుని చరిత్ర ఇందులకు తార్కాణము. 1756లో యువకుడుగా నుండి లిస్బన్ భూకంపమునకు ప్రకృతి కారణములను వెదకుచు మూడు వ్యాసములు వ్రాసెను. 1791లో వృద్ధుడై, దైవన్యాయమును తర్కముచే స్థాపింప జూచిన ప్రయత్నము లన్నియు విఫలములే యని మరియొక వ్యాసము వ్రాసెను. అందు అతడు మెచ్చుకొన్నది యోబునే. తెలియనిది తెలిసినట్లు నటింపని నిజాయితీయే ఆ మెప్పునకు కారణము.

అట్లయిన క్రైస్తవునకు మిగిలిన దేమి? వివరణకు బదులు ఒక దృశ్యము: సిలువ. ఏ నేరము చేయని వాడొకడు దానిపై బాధపడెను. అతడే దేవుడని వారి నమ్మకము. బాధ ఎందుకన్న ప్రశ్నకు ఇది సమాధానము కాదు. బాధపడువానికి దేవు డెక్కడ ఉన్నాడన్న దానికి మాత్రము సమాధానము: పైనుండి తీర్పు చెప్పుచు కాదు, ప్రక్కనే ఉన్నాడని. ఇది చాలదనువారును కలరు. రష్యను రచయిత డాస్టోయెవ్‌స్కీ స్వయముగ క్రైస్తవ భక్తుడు. అయినను 1880లో పూర్తి చేసిన 'కరమజోవ్ సోదరులు' నవలలో, ఒక్క పసిబిడ్డ కన్నీటిపై కట్టిన స్వర్గము తనకు వలదనిన ఇవాన్‌ను అంత బలముగా చిత్రించెను. విశ్వసించువాడే ఆ ఆక్షేపణను దాచక చెప్పుట గమనింపదగినది.

హేతువాదులైనంత మాత్రమున నిర్దోషులకు బాధ తప్పదనుటకు మలగ్రీడా కథయే సాక్ష్యము. పొంబాల్ అతనిని మొదట రాజధానినుండి వెడలగొట్టి, పిదప కారాగృహమున నుంచి, మతి చలించిన ఆ వృద్ధునిపై మతద్రోహ నేరమును మోపించెను. 1761 సెప్టెంబరు 21న లిస్బన్ నడిబొడ్డున అతని గొంతు బిగించి చంపి, దేహమును కాల్చివేసిరి. జెసూట్ల నెన్నడును మెచ్చని వోల్టేర్ సైతము దీనిని గర్హించెను. పాపములకు శిక్ష యని బోధించినవాడు తుదకు తానే నేరము లేని శిక్షకు పాత్రుడయ్యెను.

మన తెలుగునాటను ఒక నవంబరు 1వ తేది కలదు. 1864లో ఆ రాత్రి, సరిగా సకల పరిశుద్ధుల పండుగనాడే, సముద్రము పదుమూడడుగుల ఎత్తున లేచి బందరు పట్టణముపై పడినది. దాదాపు 30,000 మంది మరణించిరి. ఆ ఉప్పెన ఎవరి మతమును అడుగలేదు. ఆలయముల నీడ నున్నవారును, మసీదుల చెంత నున్నవారును, క్రైస్తవ బాలికల వసతిగృహమున నిద్రించుచున్న పిల్లలును అందు కొట్టుకొనిపోయిరి. వారిలో ఎవరు ఏ పాపమునకు శిక్షింపబడిరని చెప్పగలము? చెప్పబూనుట ఆ పిల్లలపై రెండవసారి ఉప్పెనను విడుచుటయే యగును. 1977 నవంబరులో దివిసీమ మునిగినప్పుడు కూడ ఆ ప్రశ్న మరల లేచినది. ముందుముందును లేచును. లిస్బన్ నేర్పినది ఆ ప్రశ్నకు జవాబు కాదు. జవాబు దొరకువరకు సహాయము నాపరాదను మాట. ఆ మాటను చర్చికి పోవువారును, గుడికి పోవువారును, ఎచ్చటికిని పోనివారును ఒక్కటిగా పాటింపవచ్చును.