జడుపు: మన చరిత్రలో రాయని పేజీ



గత భాగంలో వెట్టి గురించి రాశాను. ఈ భాగం దానికి కొనసాగింపే. కానీ ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

తిరుమలగిరిలో అంబేద్కర్ జయంతి సభ. కులదాడిలో దెబ్బలు తిని బతికిన ఒక తమ్ముణ్ణి వేదిక మీదికి పిలిచింది నేనే. "జరిగింది నీ నోటితోనే చెప్పు, అందరికీ తెలవాలె" అన్నాను. రెండు మాటలు చెప్పాడు. మూడో మాట దగ్గర మైకు పట్టుకున్న చెయ్యి వణికింది. గొంతు ఆగిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. నేను మైకు తీసుకొని మిగతా కథ పూర్తి చేశాను. నాలుగు రోజులకు వాళ్ళమ్మ ఫోన్ చేసింది. "సారూ, నువ్వు చెప్పిచ్చిన కాడినుంచి నా కొడుకు నిద్రపోతలేడు. మల్ల జడుసుకున్నడు."

అతని పేరు, ఊరు రాయను. ఇంతవరకు రాసింది కూడా అతన్ని అడిగే రాశాను.

తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినవాణ్ణి. 'ట్రామా'కు తెలుగు మాట ఏదని విద్యార్థులు అడిగితే 'మానసిక గాయం' అని చెప్పేవాణ్ణి. ఆ తల్లి దగ్గర అంతకన్నా నిఖార్సైన మాట ఉంది: జడుపు. మా నాయనమ్మ గడీ ముందునుంచి నడవాల్సి వస్తే చెప్పులు విడిచి చేతిలో పట్టుకునేది. అప్పటికి దొర పట్నం పోయి ఏండ్లయింది, గడీ గోడలు సగం కూలాయి. అయినా ఆమె కాళ్ళకు ఆ సంగతి తెలియలేదు. ప్రమాదం పోయినా ఒంట్లోంచి పోని భయమే జడుపు.

మనం దాడుల చరిత్ర బాగానే రాశాం. తేదీలు, సెక్షన్లు, తీర్పులు అన్నీ ఉన్నాయి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు, ఆడపిల్లలపై అత్యాచారం చేశారు. సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 2008లో. మధ్యలో ఇరవై మూడేండ్లు. ఆ ఇరవై మూడేండ్ల రాత్రులు వాళ్ళు ఎలా నిద్రపోయారో మనం రాయలేదు. 1991 ఆగస్టు 6న చుండూరు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. నయం కావడాన్ని తీర్పుకు ముడిపెడితే మనవాళ్ళు ఎప్పటికి నయం కావాలి?

ఈ గాయానికి వైద్యంలో పేరు రావడం కూడా ఒక పోరాట చరిత్రే. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికన్ సైనికులు 1970లో న్యూయార్క్‌లో గుంపుగా కూర్చొని, చూసినవీ చేసినవీ ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెట్టారు. రాబర్ట్ జే లిఫ్టన్, ఖైమ్ షాటన్ అనే మానసిక వైద్యులు వాళ్ళతో కూర్చున్నారు. ఆ సైనికుల ఒత్తిడి వల్లే 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన జాబితాలో పీటీఎస్‌డీ అనే పేరు చేర్చింది. అత్యాచారం మిగిల్చేదీ ఇలాంటి గాయమేనని స్త్రీల ఉద్యమం చెప్పించింది. 1992లో జూడిత్ హెర్మన్ ఈ రెండు చరిత్రలనూ కలిపి పుస్తకం రాసి, కోలుకోవడానికి మూడు దశలున్నాయన్నారు. మొదటిది భద్రత. రెండోది జరిగినదాన్ని గుర్తుచేసుకొని దుఃఖించడం. మూడోది మళ్ళీ నలుగురిలో కలవడం.

ఈ వరుస చూశాక నా తప్పు నాకు అర్థమైంది. మొదటి దశ దాటని తమ్ముణ్ణి, మైకు ఇచ్చి నేరుగా రెండో దశలోకి తోసేశాను.

ట్రామా థెరపీ ఏం చేస్తుంది? మామూలు జ్ఞాపకం పాతబడుతుంది. జడుపు జ్ఞాపకం పాతబడదు. ఒక వాసన, బండి చప్పుడు, కేక తగిలితే చాలు, అది ఇప్పుడే జరుగుతున్నట్టు గుండె కొట్టుకుంటుంది. మంచి థెరపిస్టు ముందు నిద్ర, ఊపిరి, ఇంటి పరిస్థితి చూస్తారు. ఒంటిని నిమ్మళపరుచుకోవడం నేర్పుతారు. ఆ తర్వాత, అతను తట్టుకోగలిగినంత మేరకే, కొద్దికొద్దిగా జరిగింది చెప్పిస్తారు. ఆపమంటే ఆపుతారు. "నేను ఆ రోజు అటు పోకుండా ఉంటే" అనే నిందను విడదీసి, తప్పు ఎవరిదో తేటపరుస్తారు. మరిచిపోవడం కాదు ఇది. జ్ఞాపకం ఉంటుంది, కానీ అర్ధరాత్రి వచ్చి గొంతు పట్టుకోదు. అందరికీ ఒకేలా పనిచేయదు, కొందరికి మందులు కూడా కావాలి. ఘటన జరగ్గానే ఒకే విడతలో అంతా చెప్పించడం మాత్రం మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలే చెబుతున్నాయి. నిజనిర్ధారణకు వెళ్ళే మనం గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇది.

ఇదంతా పరాయిదేమీ కాదు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' వేసింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీల నోటి మాటలు అవి. మా పక్కనున్న పాలకుర్తి చాకలి ఐలమ్మ, కర్విరాల కొత్తగూడెం మల్లు స్వరాజ్యం అందులో మాట్లాడారు. అడవిలో కన్నబిడ్డను పరాయి చేతుల్లో పెట్టి రావాల్సి వచ్చిన తల్లీ మాట్లాడింది. దాదాపు నలభై ఏండ్ల దాకా ఆ దుఃఖానికి ఉద్యమ చరిత్రలో చోటు దొరకలేదు. ఆ స్త్రీల పక్కన కూర్చొని ఓపిగ్గా విన్నవాళ్ళు వచ్చాకే అది బయటికొచ్చింది. అదే కాలంలో, 1983లో, పినోచే పాలన కింద చిలీలో ఇద్దరు మానసిక నిపుణులు మారుపేర్లతో ఒక వ్యాసం అచ్చువేశారు. చిత్రహింసలు పడ్డవాళ్ళు తమ కథ చెబితే రికార్డు చేసి, రాసి, వాళ్ళతో కలిసి దిద్దడమే వైద్యమన్నారు. ఆ కథ చెప్పినవాళ్ళకే చెందేది. ఇక మనం? సాక్ష్యం కోసం చెప్పించాం, సభ కోసం చెప్పించాం. చెప్పినవాళ్ళ కోసం చెప్పించలేదు.

"థెరపీ అంటే కులాన్ని వదిలేసి మనసును బాగుచేసుకోమనడం కాదా?" అని ఉద్యమ మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కులం పేరెత్తగానే "అంతా మీ ఊహే" అనే కౌన్సెలర్ గాయాన్ని పెంచుతాడు. కానీ ఫ్రాంజ్ ఫనాన్‌ను చూడండి. 1953 నుంచి అల్జీరియాలోని బ్లిడా ఆసుపత్రిలో మానసిక వైద్యుడు. వలస పాలన మనుషులను పిచ్చివాళ్ళను చేస్తుంటే ఆసుపత్రి ఒక్కటే ఏమీ చేయలేదని 1956లో రాజీనామా చేసి విముక్తి పోరాటంలో కలిశాడు. అక్కడా వైద్యం మానలేదు. 1961 నాటి ఆయన పుస్తకంలో చివరి పెద్ద అధ్యాయం రోగుల గురించే. పోరాటం గాయం చేసేవాళ్ళను ఆపాలి, వైద్యం గాయపడ్డవాళ్ళను నిలబెట్టాలి.

అడగడానికి మనకు చట్టాలున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రభుత్వ మానసిక వైద్యాన్ని హక్కు చేసింది, కులం పేరిట వివక్ష చూపకూడదని పేరు పెట్టి చెప్పింది. అట్రాసిటీ చట్టంలో 2015 సవరణతో వచ్చిన 15ఎ సెక్షన్ బాధితులకు, సాక్షులకు రక్షణ, పునరావాసం ఇవ్వాలంటుంది. కలెక్టర్‌కు ఇచ్చే మెమొరాండంలో భూమి, ఉద్యోగం, పరిహారం పక్కన ఇక నుంచి కౌన్సెలింగ్ కూడా రాద్దాం. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో ఏ వేళైనా, ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. విద్యార్థులారా, మీ హాస్టల్ గోడ మీద ఈ నంబరు రాయండి. నిజనిర్ధారణకు పోయేటప్పుడు లాయరు, విలేకరితో పాటు వినడం తెలిసిన మనిషిని ఒకరిని తీసుకుపోండి.

ఆ తమ్ముడు ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో కౌన్సెలర్ దగ్గరికి పోతున్నాడు. కొన్ని రాత్రులు నిద్ర పడుతుంది, కొన్ని రాత్రులు పట్టదు. మొన్న వాళ్ళింటికి పోయి క్షమించమన్నాను. జరిగినదాని గురించి ఏమీ అడగలేదు. చాయ్ తాగి లేస్తుంటే అతనే అన్నాడు: "అన్నా, ఈసారి సభకు వస్త. కానీ మాట్లాడ. కింద కూసుంట."

కూర్చో తమ్ముడూ. నీ పక్కన నేనూ కింద కూర్చుంటాను.

జై భీమ్.