ఆపద గడచిన పిమ్మట

వైద్యశాలలో ఒక రోగి గుండె హఠాత్తుగా ఆగిపోవును. వైద్యులు, నర్సులు పరుగున వత్తురు. ఒకరు రొమ్ము నొక్కుదురు. ఒకరు ఊపిరి నందింతురు. ఒకరు మందు నెక్కింతురు. కొంతసేపటికి ఆ సందడి అణగును. రోగి బ్రతికినను, బ్రతుకకున్నను, నర్సు చేతులు కడుగుకొని ప్రక్క మంచము వద్దకు పోవలసినదే. ఆమె చూచినదానిని వినువా రెవరు?

ఈ ప్రశ్నకు తొలి సమాధానములలో నొకటి యుద్ధభూమి నుండి వచ్చినది. 1943 నవంబరులో పసిఫిక్ సముద్రమందలి మాకిన్ దీవిలో అమెరికను సేనాచరిత్రకారుడు ఎస్. ఎల్. ఏ. మార్షల్, ఒక రాత్రి పోరులో బ్రతికి బయటపడిన సైనికుల నొకచోట కూర్చుండబెట్టి, హోదాలను ప్రక్కకుబెట్టి, ఎవరు చూచినది వారిని చెప్పుమనెను. ఏ ఒక్కనికిని పూర్తిగా తెలియని పోరు అందరి మాటలు కలియగా తెలిసివచ్చెను. మార్షల్ ప్రకటించిన కొన్ని లెక్కలు పిమ్మట వివాదమునకు గురియైనవి. పద్ధతి మాత్రము నిలిచెను.

1960లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు రొమ్ము నొక్కి రక్తప్రసారమును నిలుపు విధానమును ప్రకటించిరి. అంతకుముందు తలవంచి ఊరకున్న అనేక సందర్భములలో పోరాటము మొదలయ్యెను. దానితోపాటు ఓటమి భారమును వచ్చెను. 1983లో జెఫ్రీ మిచెల్ అత్యవసర సేవకులకై ఒక క్రమమును ప్రతిపాదించెను: ఏమి జరిగెను, ఏమి తలచితిరి, ఏమి బాధించెను అని వరుసగా అడుగుట. ఇట్టి పద్ధతులు వేగముగా వ్యాపించెను. కాని 2002 నాటి కాక్రేన్ సమీక్ష, ఆపదకు లోనైనవారిని ఒక్కమారు కూర్చుండబెట్టి మాటలాడించినంత మాత్రమున మనోవ్యాధి నివారణ కాదనియు, నిర్బంధముగా అట్లు చేయుట మానవలెననియు తేల్చెను.

అట్లయిన మౌనమే మేలా? కాదు. 2008లో వెలువడిన చికాగో విశ్వవిద్యాలయ పరిశోధనలో, చికిత్సను గూర్చి యంత్రములు నమోదు చేసిన వివరములను ముందుంచుకొని వైద్యులు వారము వారము చర్చించిరి. తిరిగి గుండె కొట్టుకొన్నవారు నూటికి 45 నుండి 59కి పెరిగిరి. కోలుకొని ఇల్లు చేరినవారు మాత్రము పెరుగలేదు.

మనసును బలవంతముగా త్రవ్వుట వేరు. చేసిన పనిని కలసి పరిశీలించుట వేరు. మందు అందుటలో జరిగిన ఆలస్యమును అందరికన్న చిన్న నర్సే చూచియుండవచ్చును. పెద్ద వైద్యుడు ముందుగా తీర్పు చెప్పినచో ఆమె నోరు మూతపడును. రేపటి రోగికి కీడు కలుగును. మాకిన్ దీవిలో హోదాలను ప్రక్కకుబెట్టుటలోని మర్మ మిదియే.