ప్లేగునాటి ముప్పది పౌనులు

క్రీ.శ. 1604వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీన ఇంగ్లండు ప్రభువగు జేమ్సు రాజు కొలువు లెక్కలలో ఒక చిన్న ఖర్చు పద్దు వ్రాయబడినది. ప్లేగు పెచ్చు పెరిగి లండను నగరమునందును దాని పరిసరములందును బహిరంగముగ నాటకములాడుట నిషిద్ధమైనందున, రిచర్డ్ బర్బేజి అను నటునకును అతని సమాజమువారికిని, నగరము దైవానుగ్రహమున మరల స్వస్థతనొందు వరకు పోషణార్థమై 30 పౌనులు రాజుగారి కానుకగా ఇయ్యబడినవని అందలి తాత్పర్యము. ఆ సమాజమునకు రాజుగారి పేరే పేరు. అందలి వాటాదారులలో విలియం షేక్‌స్పియరు ఒకడు. మహామారి మూసివేసిన నాటకశాలకు ప్రభుత్వము సొమ్మిచ్చి నిలబెట్టుట 2020 నాటి నూతన కల్పనయని తలచువారు ఈ పద్దును చూడదగును.

ఆ 30 పౌనుల విలువ యెంత? రాజసన్నిధిని ఒక నాటకమాడిన సమాజమునకు ఆనాడు ముట్టు సంభావన 10 పౌనులు. అనగా ఈ కానుక మూడు రాత్రుల ప్రదర్శనములకు సరి. 1597లో ఫిలిప్ హెన్‌స్లో అను నాటకశాలాధిపతి ఒక జీతపు నటునితో చేసికొన్న ఒడంబడికలో, లండనులో ఆడినంతకాలము వారమునకు 10 షిల్లింగులనియు, పైయూళ్లకు పోయినపుడు అందు సగమనియు కలదు. పౌనునకు 20 షిల్లింగులు గనుక 30 పౌనులు ఒక్క జీతగానికి 60 వారముల వేతనమగును. వాటాదారులు, జీతగాండ్రు, స్త్రీపాత్రలు ధరించు బాలురు, వాద్యగాండ్రు కలసిన సమాజమునకన్ననో కొలది వారముల గ్రాసము మాత్రమే. 1603 మార్చి మొదలు మరుసటి యేప్రిల్ వరకు, ఏడాదికి పైగా, నాటకశాలల తలుపులు చాలవరకు మూతపడియే యుండెను. ఆ యేట లండనులో ప్లేగు వాతబడినవారు 30,000 మందికి పైబడిరి. ప్రతి గురువారము మరణపట్టిక వెలువడుచుండెను. ప్లేగు చావులు వారమునకు ముప్పదికి మించినచో ఆట కట్టవలెనను నియమము ఆనాటి రాజపత్రములలో కనబడుచున్నది.

ఇంతకు పదేండ్లు ముందు, 1592 మొదలు 1594 వరకు ప్లేగు నాటకశాలలను మూయించినపుడు, ఇట్టి కానుక యెవరికిని లభింపలేదు. పెంబ్రోక్ ప్రభువు పేరిటి సమాజము పొట్టచేతబట్టుకొని దేశసంచారమునకు బయలుదేరి, దారిబత్తెమునకు చాలినంతయైన రాబడి లేక తిరిగివచ్చి, వేషములకుపయోగించు ఉడుపులను కుదువబెట్టుకొన్నదని 1593 సెప్టెంబరులో హెన్‌స్లో తన అల్లుడగు ఎడ్వర్డ్ అలెన్‌నకు జాబు వ్రాసెను. ఉడుపులు పోయిన నాటకసమాజమున మిగులునదేమి? అందులో పట్టుబట్టలును, సరిగంచులును కొనుటకే కొన్ని సమయములందు నాటకకర్తకిచ్చిన దానికన్న ఎక్కువ వెచ్చించుచుండిరి. షేక్‌స్పియరు ఆ దుర్దినములలో రెండు దీర్ఘకావ్యములు రచించి సౌథాంప్టన్ ప్రభువునకు అంకితమిచ్చెను; మన పూర్వకవుల మార్గమే యతడును త్రొక్కెననవలెను.

మరి 1604లో రాజు మనసు కరగుటకు కారణమేమి? కరుణయని చెప్పుట సులభము. కాని లెక్కల పుస్తకము వేరొక సంగతి చెప్పుచున్నది. 1603 మేలో ఆ సమాజము రాజభృత్యవర్గములో చేరినది. క్రిస్మసు పండుగ దినములలో కొలువున వినోదము కూర్చవలసిన భారము వారిది. 1609లో 40 పౌనులు, 1610లో 30 పౌనులు మరల ప్లేగు వేళలందే వారికి ముట్టినవి. అవి ఏకాంతమున అభ్యాసము చేసి కొలువునకు సిద్ధముగ నుండుటకై ఇచ్చినట్లు స్పష్టముగ వ్రాయబడినది. కావున ఇది దానము కాదు, నిలుపుడు జీతమనుట న్యాయము. ఏ ప్రభువు అండయు లేని నటుని దేశద్రిమ్మరిగా నెంచి దండింపవచ్చునని 1572 నాటి చట్టము విధించియుండెను. అట్టివానికి ప్లేగువేళ రాజద్రవ్యమను మాట కలలోనిది.

అటుపిమ్మట 1642లో పార్లమెంటు నాటకములనే మాన్పించెను. రాచరికము తిరిగివచ్చిన పిదప నాటకములును తిరిగివచ్చెను గాని, 1737 మొదలు 1968 వరకు ఆంగ్లప్రభుత్వము రంగస్థలముపై ఎడతెగక చూపిన శ్రద్ధ యేమనగా, ఆడబోవు నాటకమును ముందుగా చదివి తనకు నచ్చని మాటలు కొట్టివేయుట.

ప్రభుత్వము మరల చేయూతనిచ్చినది రెండవ ప్రపంచయుద్ధమున. 1940లో సంగీతకళాప్రోత్సాహక సమితి యొకటి ఏర్పడినపుడు దానికి తొలిసొమ్ము 25,000 పౌనులు పిల్‌గ్రిమ్ ట్రస్టు ఇచ్చెను. ఆ ట్రస్టు మూలధనము హార్క్‌నెస్ అను అమెరికా ధనికునిది. పరదేశపు ధర్మము చూచిన పిమ్మట ఆంగ్ల ఖజానా తానును తలయొగ్గెను. 1942లో అర్థశాస్త్రవేత్త కీన్స్ ఆ సమితికి అధ్యక్షుడయ్యెను. అతని భార్య లిడియా లొపొకోవా రష్యను నర్తకి, అతడే కేంబ్రిడ్జిలో ఒక నాటకశాల కట్టించినవాడు. ఆ సమితి 1946లో ఆర్ట్స్ కౌన్సిలుగా రూపొందెను. సొమ్ము ప్రభుత్వమిచ్చుట, పంపకము స్వతంత్రమండలి చేయుట అను పద్ధతి నిలిచినది. ఆ కౌన్సిలునకు రాజపత్రము వెలువడుటకు కొలది మాసములముందే కీన్స్ మరణించెను.

కరోనా మహామారి వేళ, 2020 మార్చి 16న ఆంగ్లప్రధాని నాటకశాలలకు పోవలదని ప్రజలకు చెప్పిన సాయంకాలమే లండను రంగస్థలములు మూతపడినవి. బర్బేజి సమాజమాడిన గ్లోబు నాటకశాలకు ప్రతిరూపముగా 1997లో తెరువబడిన నేటి గ్లోబు, టిక్కెట్లపై బ్రతుకునదే గాని ఏటేట సర్కారు గ్రాంటు పొందునది కాదు. తాము దివాలాతీయుదుమని దాని నిర్వాహకులు పార్లమెంటు ఉపసంఘమునకు విన్నవించుకొనిరి. జూలై 5న ప్రభుత్వము కళాసంస్థల పునరుద్ధరణకై 157 కోట్ల పౌనుల నిధి ప్రకటించెను. అక్టోబరులో తొలివిడతగా 1,385 సంస్థలకు 25 కోట్ల 70 లక్షల పౌనులు మంజూరైనవి. ఆ నెలలోనే గ్లోబునకు వచ్చినది ఇంచుమించు 30 లక్షల పౌనులు. జేమ్సు రాజిచ్చిన ముప్పదికి దాదాపు లక్షరెట్లు! ఇది యాదృచ్ఛికమే, కాని ముచ్చటగొలుపు యాదృచ్ఛికము.

నిధి పెద్దది, పద్ధతి మాత్రము పాతదే. దరఖాస్తు పెట్టు సంస్థ మహామారికి పూర్వము ఆర్థికముగా నిలదొక్కుకొన్నదై యుండవలసియుండెను. అడుగుటకు అర్హత సంస్థలకే గాని వ్యక్తులకు లేకుండెను. నాటి జీతపు నటునివలెనే, 2020లో ఒక్కొక్క ప్రదర్శనమునకు కుదురుకొని పనిచేయు నటులు, దీపములవారు, దుస్తులు కుట్టువారు ఈ నిధిని నేరుగా అర్థింపజాలక, తెరచిన సంస్థ తమను పిలుచునను ఆశతో కూర్చుండిరి. స్వయంవృత్తులవారికై వేరుగా పెట్టిన ప్రభుత్వ సహాయము వీరిలో పలువురకు అందలేదు. పెద్దసంస్థలకు గ్రాంటునకు బదులు ఋణములిచ్చిరి: నేషనల్ థియేటరునకు 1 కోటి 97 లక్షలు, రాయల్ షేక్‌స్పియరు కంపెనీకి 1 కోటి 94 లక్షలు, నూటికి రెండు వడ్డీతో ఇరువదేండ్లలోపల తీర్చవలసినవి. రాజు తన ముప్పది పౌనులకు వడ్డీ అడుగలేదు.

ఆ యేటి లెక్కలో చేరని నాటకశాలయు ఒకటి కలదు. సౌథాంప్టన్ నగరమునందలి నఫీల్డ్ సంస్థ మే నెలలో దివాలా నిర్వాహకుల చేతబడి, జూలై తొలి దినములలో శాశ్వతముగ మూతపడెను. నిధి ప్రకటన వెలువడినది ఆ వెనువెంటనే.