హైదరాబాదు సంస్థానంలో సమాచార సమరం (1946–48): ఆధారాల పరిశీలన

ప్రవేశిక

సమాచార యుద్ధం, గూఢచర్యం నేడు పలు విశ్వవిద్యాలయాలలో బోధనాంశాలు. ఈ అధ్యయనానికి పునాది వేసిన గ్రంథాలలో షెర్మన్ కెంట్ 1949లో వెలువరించిన రచన ఒకటి. ఆయన యేల్ విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించినవారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా గూఢచార సంస్థలో విశ్లేషకులుగా పనిచేశారు. చరిత్రకారుడు ఆధారాన్ని పరీక్షించే తీరుకూ, గూఢచార విశ్లేషణకూ గల చుట్టరికం దీనివల్ల స్పష్టమవుతుంది. ఆ దృష్టితో హైదరాబాదు సంస్థానపు చివరి ఘట్టాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

పత్రికలు, రేడియో

దక్కన్ రేడియో నిజాం ప్రభుత్వం అధీనంలో ఉండేది. గులాం మహమ్మద్ కలకత్తావాలా ‘మీజాన్’ పత్రికను ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు భాషలలో నడిపారు. తెలుగు ‘మీజాన్’కు అడివి బాపిరాజు సంపాదకులు. ఒకే యాజమాన్యం ముగ్గురు వేర్వేరు పాఠకులతో ఎలా మాట్లాడిందో తులనాత్మకంగా పరిశీలించవలసి ఉంది. మరోవైపు సురవరం ప్రతాపరెడ్డి 1926లో ప్రారంభించిన ‘గోలకొండ పత్రిక’, మందుముల నరసింగరావు ‘రయ్యత్’ ప్రజాపక్షాన నిలిచాయి. ‘రయ్యత్’లో పనిచేసిన షోయబుల్లాఖాన్ తరువాత ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రికకు సంపాదకులై, సంస్థానం భారత యూనియన్‌లో చేరాలని వాదించారు. 1948 ఆగస్టు 22న ఆయన హత్యకు గురయ్యారు. ఆ ముందురోజే నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. ప్రపంచం ముందు వాదం వినిపించే ప్రయత్నమూ, నగరంలో ఒక కలాన్ని ఆపివేసిన ఘాతుకమూ ఒకే కాలానికి చెందినవి.

మౌఖిక మార్గాలు

అక్షరం అందని పల్లెలకు బుర్రకథ, గొల్లసుద్దులు వార్తాసాధనాలయ్యాయి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య మరణించిన సంగతి పాటగానే ఊరూరా ప్రాకింది. సుద్దాల హనుమంతు వంటి కళాకారులు ఆ బాధ్యతను మోశారు. రహస్య జీవితం గడిపిన ఉద్యమకారులకు కొరియర్లు ఉత్తరాలు చేరవేశారు. పోలీసుల రాకను గ్రామరక్షక దళాలు ముందుగా పసిగట్టి హెచ్చరించేవి. జానపద సాహిత్య విద్యార్థి కళారూపంగా చదివే పాఠం ఇక్కడ సమాచార వ్యవస్థలో భాగం కూడా.

వివాదాస్పద పాఠం

1948 మార్చి 31న ఖాసిం రజ్వీ చేసినట్లు చెప్పే ఉద్రేకపూరిత ప్రసంగం భారత పత్రికలలో వెలువడి కలకలం రేపింది. హైదరాబాదు పక్షం దానిని ఖండించింది. రజాకార్ల దౌర్జన్యాలు వాస్తవం; అంతమాత్రాన వారి పేర ప్రచారమైన ప్రతి వాక్యమూ ప్రామాణికం కాదు. కె.ఎం. మున్షీ, లాయక్ అలీ, పుచ్చలపల్లి సుందరయ్య రచనలు మూడూ పోరులో పాల్గొన్నవారివే గనుక, ఒకదానితో మరొకదానిని సరిచూడక తప్పదు.

దాచిన సమాచారం

సెప్టెంబరు 13–17 నాటి సైనికచర్య అనంతరం జరిగిన హింసపై పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ విచారణ జరిపి, మృతులు 27,000 నుంచి 40,000 వరకు ఉండవచ్చని అంచనా వేశారు. ఆ నివేదిక దశాబ్దాలపాటు ప్రచురణకు నోచుకోలేదు. చెప్పకపోవడం కూడా సమాచార నియంత్రణే. ఒక పక్షం బాధితులను మాత్రమే స్మరించే చరిత్రలు ఆ మౌనానికి కొనసాగింపులు.

ముగింపు

ఈ అధ్యయనానికి తెలుగు శాఖలు అనువైనవి: పాఠపరిష్కరణ, మౌఖిక సాహిత్య సేకరణ వాటికి అలవాటైన విద్యలు. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారం అధికారిక పత్రాలను అందిస్తుంది. వాటికి ఎదురుగా నిలపవలసిన మౌఖిక సాక్ష్యం మాత్రం తరిగిపోతోంది. సాగర్ రహదారిపై నగరంలో కలిసిపోతున్న తుర్కయంజాల్ వంటి ఊళ్లలో ఆ కాలాన్ని చూసినవారు మిగిలింది బహుకొద్దిమంది. ఎవరు చెప్పారు, ఎవరికోసం చెప్పారు, దేనిని విడిచిపెట్టారు అనే మూడు ప్రశ్నలతో ఆ జ్ఞాపకాలను నమోదు చేయడం పరిశోధకుల తక్షణ కర్తవ్యం.