పికప్ వెనుక డిఫరెన్షియల్‌కు ఏ ఆయిల్ మేలు?

విశాఖపట్నం: ఉక్కునగరం వైపు నుంచి ఇనుప చువ్వలు, చేపల రేవు నుంచి మంచుపెట్టెలు, పాడేరు, అరకు కొండల నుంచి కూరగాయలు.. నగరానికి నిత్యం సరకు చేరవేసే వాహనాల్లో పికప్‌లది ముఖ్యమైన స్థానం. బొలెరో పికప్, టాటా ఏస్, అశోక్ లేలాండ్ దోస్త్ వంటి వాటిలో సాధారణంగా ఇంజన్ శక్తి వెనుక చక్రాలకే అందుతుంది. ఇంజన్ ఆయిల్ మార్చే గడువును గుర్తుంచుకునే యజమానులు సైతం వెనుక ఇరుసు నడుమ ఉండే డిఫరెన్షియల్‌ను శబ్దం వచ్చేదాకా పట్టించుకోరు. ఆ శబ్దం వినిపించే సరికి క్రౌన్, పినియన్ పళ్లు అరిగిపోయి ఉండవచ్చు. అప్పుడు ఆయిల్ మార్చినా అరిగిన పళ్లు తిరిగి రావు.

ప్రత్యేక ఆయిల్ ఎందుకు?

ప్రొపెల్లర్ షాఫ్ట్ కొసన ఉండే పినియన్ పెద్దదైన క్రౌన్ చక్రాన్ని తిప్పుతుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి గనుక ఆ తేడాను మధ్యనున్న చిన్న గేర్లు సర్దుతాయి. హైపాయిడ్ అమరికలో పినియన్, క్రౌన్ మధ్యరేఖకు కొంత పక్కకు జరిగి ఉంటుంది. అందువల్ల పళ్లు దొర్లడమే గాక ఒకదానిపై ఒకటి రాసుకుంటూ జారుతాయి. బరువు పెరిగినప్పుడు ఆ ఒత్తిడికి మామూలు నూనె పొర చెదిరిపోతుంది. గేర్ ఆయిల్‌లో కలిపే గంధకం, భాస్వరం సమ్మేళనాలు ఆ వేడికి లోహంతో చర్య జరిపి పళ్లపై పలుచని రక్షణ పొరను ఏర్పరుస్తాయి.

జీఎల్-4, జీఎల్-5 తేడా

డబ్బాపై మొదట చూడవలసింది ఏపీఐ శ్రేణి. హైపాయిడ్ డిఫరెన్షియల్‌కు సాధారణంగా జీఎల్-5 అవసరం. జీఎల్-4లో ఈ రసాయనాల పాలు తక్కువ. అది పోస్తే బరువుతో ఘాట్ ఎక్కేటప్పుడు పళ్లకు తగిన రక్షణ ఉండదు. అలాగని మిగిలిన జీఎల్-5ను గేర్‌బాక్స్‌లో పోయడమూ తగదు. గేర్లు మార్చేటప్పుడు వేగాన్ని సరిచేసే సింక్రోనైజర్ రింగులు చాలా వాహనాల్లో ఇత్తడివి. వాటికి ఆ రసాయనాలు హాని చేసే అవకాశం ఉంది. తయారీదారు అనుమతించినప్పుడే రెండింటికీ ఒకే ఆయిల్ వాడాలి. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉన్న వాహనాలకు ప్రత్యేక ఆయిల్ సూచించారేమో కూడా చూసుకోవాలి.

90, 140 అంటే..

రెండో గుర్తు చిక్కదనం. 80డబ్ల్యూ-90లో మొదటి భాగం చలిలో ఆయిల్ కదిలే తీరును, రెండోది 100 డిగ్రీల సెల్సియస్ వద్ద దాని చిక్కదనాన్ని తెలుపుతాయి. 80డబ్ల్యూ శ్రేణిని మైనస్ 26 డిగ్రీల వద్ద పరీక్షిస్తారు. చలికాలంలో సున్నా డిగ్రీల దరిదాపులకు చేరే లంబసింగిలో సైతం దానికి ఇబ్బంది లేదు. కాబట్టి చలి కోసమే 75డబ్ల్యూ-90 కొననవసరం లేదు. తయారీదారు దానినే సూచిస్తే మాత్రం తప్పక అదే వాడాలి.

90 నంబరు గేర్ ఆయిల్ 40 నంబరు ఇంజన్ ఆయిల్ కంటే రెట్టింపు చిక్కన అనుకోవడం పొరపాటు. రెండింటి కొలమానాలు వేరు. 100 డిగ్రీల వద్ద 90 గేర్ ఆయిల్ చిక్కదనం 40, 50 నంబర్ల ఇంజన్ ఆయిళ్లకు దగ్గరగానే ఉంటుంది.

శబ్దం తగ్గుతుందని కొందరు 85డబ్ల్యూ-140 పోయిస్తుంటారు. అధిక బరువుకు, తీవ్రమైన వేడికి తయారీదారు సూచించిన చోట అది సరైనదే. మిగతా సందర్భాల్లో చిక్కని ఆయిల్‌ను చిలకడానికి గేర్లు మరింత శక్తిని వెచ్చిస్తాయి. డీజిల్ ఖర్చు పెరుగుతుంది. పైగా తగ్గిన శబ్దం అరుగుదలను కప్పిపుచ్చుతుంది. మోయదగిన దానికి మించి బరువు ఎక్కిస్తే ఏ ఆయిలూ కాపాడలేదు.

బ్రేకులకూ ముప్పే

హౌసింగ్ పైనుండే బ్రీదర్ మట్టితో, తుప్పుతో పూడిపోతే వేడెక్కిన గాలికి దారి ఉండదు. ఆ ఒత్తిడికి ఆయిల్ సీళ్లను దాటి బ్రేక్ డ్రమ్ముల్లోకి చేరుతుంది. తడిసిన బ్రేకు పట్టదు. అనంతగిరి, పాడేరు ఘాట్లు దిగే వాహనానికి ఇది ప్రాణాపాయం. మట్టానికి మించి ఆయిల్ పోసినా ఇదే ప్రమాదం. సముద్రపు ఉప్పుగాలిలో, చేపల లోడు నుంచి కారే నీటిలో తిరిగే బళ్లకు బ్రీదర్‌ను తరచూ శుభ్రం చేయించాలి. వేడిగా ఉన్న హౌసింగ్ వర్షపు నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి నీటిని పీల్చుకోవచ్చు. ఆయిల్ పాలు కలిసినట్లు తెల్లబారితే వెంటనే మార్చాలి.

మార్చేటప్పుడు

కొద్దిదూరం నడిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడు సమతల నేలపై నిలపాలి. ముందుగా పై ప్లగ్ ఊడుతుందో లేదో చూశాకే కింది ప్లగ్ విప్పాలి. లేకుంటే పాతది పోయి, కొత్తది పోసే దారి లేక బండి నిలిచిపోతుంది. అయస్కాంతపు ప్లగ్‌కు మెత్తని నల్లటి ముద్ద అంటుకోవడం సహజం. పంటి ముక్కలు, రేకులు కనిపిస్తే మాత్రం హౌసింగ్ విప్పి చూపించాలి. చాలా వాహనాల్లో పై రంధ్రం కింది అంచు వరకు ఆయిల్ చేరితే మట్టం సరిపోయినట్లే. గడువు, పరిమాణం వాహన పుస్తకం ప్రకారం పాటించాలి. నిత్యం బరువుతో ఘాట్లు ఎక్కే బండికి అందులో కఠిన వినియోగానికి ఇచ్చిన గడువే వర్తిస్తుంది.

తీసిన ఆయిల్‌ను కాలువల్లో పారబోయరాదు. ప్రమాదకర వ్యర్థాల నిర్వహణకు 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ అనుమతి పొందిన శుద్ధి కేంద్రాలకే చేరాలి. వర్క్‌షాపులో మూత ఉన్న డబ్బాలో నిల్వచేసి అప్పగించాలి.