తవుడు నుంచి మందు దాకా

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు మెట్ట నేలలు మాగాణులయ్యాయి. వరి వెనకే మిల్లులు వచ్చాయి, మిల్లుల్లో తవుడు గుట్టలు పడ్డాయి. మొదట్లో అది గేదెల కుడితికి పోయేది. సాల్వెంట్ ప్లాంట్లు వచ్చాక నూనె ముడిసరుకైంది.

మిర్యాలగూడ మిల్లులకు ఉప్పుడు బియ్యం ఒక వరమే. పచ్చి తవుడులో లైపేజ్ అనే ఎంజైము గంటల్లోనే నూనెను విరగ్గొట్టి ఆమ్లం పెంచుతుంది. వడ్లు ఉడికిస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది. పైగా ఉప్పుడు తవుడులో నూనె ఎక్కువ, 20 శాతం దాటుతుంది.

ప్లాంటు లోపల జరిగే పని గమనించదగ్గది. గుళికలుగా చేసిన తవుడు ఒక దిక్కుకు కదులుతుంటే, హెక్సేన్ అనే సాల్వెంట్ దానికి ఎదురు దిక్కున అంచెలంచెలుగా పైనుంచి కురుస్తుంది. తాజా హెక్సేన్ పడేది నూనె దాదాపు అయిపోయిన తవుడు మీద. ఎదురొచ్చే కొద్దీ నూనె పట్టుకుని, చివరికి కొత్త తవుడును తడిపి చిక్కటి మిసెల్లాగా, అంటే నూనె కలిసిన హెక్సేన్‌గా, కిందికి దిగుతుంది. ఎక్కడా ఆగదు. మందుల పరిశ్రమ గొప్పగా చెప్పుకునే నిరంతర విభజనకు మూలసూత్రం ఈ ఎదురుప్రవాహమే.

మందుల శుద్ధి కథ మాత్రం వేరే దారిలో నడిచింది. 1903లో రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు మిఖాయిల్ త్స్వెత్ ఆకు రంగులను గాజు గొట్టంలో పొడి మీదుగా జారించి పట్టీలుగా విడదీసే పద్ధతిని వెల్లడించాడు. అద్భుతమే, కానీ ఒక్కో దఫా పోసి, ఆగి, మళ్లీ పోయాలి. 1961లో అమెరికాలోని యూఓపీ కంపెనీలో బ్రాటన్ బృందం ఆ ఆగడాన్ని తీసేసింది. కాలమ్‌లను వలయంగా కట్టి, ద్రవం లోపలికి వచ్చే, బయటికి పోయే ద్వారాలను ఒకటి తర్వాత ఒకటి ప్రవాహం దిక్కునే జరిపింది. పొడి కదలకపోయినా ఎదురొస్తున్నట్టే పనిచేస్తుంది. పెట్రో రసాయనాల్లో, చక్కెరలో ముందు స్థిరపడి, 1990లలో మందుల కంపెనీలకు చేరింది. ఆ తర్వాత జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో మాక్స్ ప్లాంక్ పరిశోధకులు మలేరియా మందు ఆర్టెమిసినిన్‌ను ఇలాగే శుద్ధి చేశారు. చిక్కేమిటంటే, మామూలు వలయం సరుకును రెండు పాయలుగానే చీలుస్తుంది. మొక్క రసంలో మనకు కావలసింది తరచూ మధ్యలో ఉంటుంది. అందుకు రెండో వలయమో, ఇంకా చిక్కైన ఏర్పాటో కావాలి. ఖర్చు అక్కడే.

మన తవుడు నూనెలోనూ మందు సరుకుంది. 1954లో జపాన్ శాస్త్రవేత్తలు త్సుచియా, కనెకో వేరుచేసిన ఒరిజనాల్ అది. ఒకే పదార్థం అనుకున్నారు, తర్వాత ఫెరూలిక్ ఆమ్లపు ఎస్టర్ల మిశ్రమమని తేలింది. జపాన్‌లో 1960లలోనే మందుగా వాడారు. ముడి నూనెలో ఇది ఒకటి రెండు శాతం ఉంటుంది. సోడాతో శుద్ధి చేస్తే చాలా భాగం సోప్‌స్టాక్‌లోకి, అంటే సబ్బు మడ్డిలోకి పోతుంది. రిఫైన్డ్ నూనె తేటగా మెరుస్తుంది, విలువైనది మడ్డిలో కలుస్తుంది. హైదరాబాద్‌లోని ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) శాస్త్రవేత్తలు రెండు వైపుల నుంచీ ఈ సమస్యను పట్టుకున్నారు: ఎంజైములతో జిగురు తీసి, సోడా లేకుండా నూనె శుద్ధి చేసే పద్ధతి ఒకటి, మడ్డిలోంచే ఒరిజనాల్ రాబట్టే పద్ధతి ఇంకొకటి.

మడ్డి నుంచి తీసే పని ఇప్పటికీ ఎక్కువగా దఫాల పద్ధతే: ఆరబెట్టడం, సాల్వెంట్‌తో కడగడం, స్ఫటికాలు కట్టించడం. తవుడును ఆగకుండా నడిపే నేర్పు ఉన్నచోట మందును ఆగి ఆగి తీయడం నాకు వింతగానే ఉంది. వలయం కొనాలని మాత్రం ఇప్పుడే అనను. మిల్లు యజమానులు సోప్‌స్టాక్‌ను సబ్బు వ్యాపారికి తూచి ఇచ్చే ముందు ఒక్కసారి ఒరిజనాల్ పరీక్ష చేయించాలి. నమూనాను హెప్టేన్‌లో కరిగించి, 315 నానోమీటర్ల దగ్గర స్పెక్ట్రోఫోటోమీటర్‌లో చూస్తే సుమారు లెక్క తెలిసిపోతుంది. ఆ పరికరం బీఫార్మసీ కాలేజీ ల్యాబుల్లో ఉండేదే.