పలాశశాఖ – ముల్లుగర్ర : వత్సపాలనమున ధర్మచరిత్ర

సంస్కృతమున 'వత్స'మనగా దూడ. భగవద్గుణములలో శరణాగతులకు మిక్కిలి ఆశ్రయమైన 'వాత్సల్యము' అను శబ్దమునకు ఈ దూడయే మూలము. అప్పుడే పుట్టిన దూడ మేనిపై మాలిన్యమును రోయక నాలుకతో నాకు గోవువలె, ఆశ్రితుని దోషమును గణింపక స్వీకరించుటయే వాత్సల్యమని శ్రీవైష్ణవాచార్యులు వివరించిరి. అట్టి దూడను మానవుడు ఏ రీతిన పట్టవలెను, తోలవలెను అను విషయమున మన పూర్వులకు స్పష్టమైన దృష్టి కలదు.

కృష్ణయజుర్వేద తైత్తిరీయ సంహిత ఆరంభమే దూడలకు సంబంధించిన కర్మతో జరుగుట విశేషము. దర్శేష్టిలో ఇంద్రునకు పాలు, పెరుగు సమర్పించుటకై దూడలను తల్లుల నుండి వేరుచేయవలెను. దీనికి 'వత్సాపాకరణము' అని పేరు. అధ్వర్యుడు ఇందుకై పలాశశాఖను గాని, శమీశాఖను గాని ఛేదించును. ప్రథమమంత్రము ఆ ఛేదనమునకే వినియుక్తము. శాఖకు ఆకులు సమృద్ధిగా ఉండవలెననియు, కొన ఎండిపోరాదనియు ఆపస్తంబసూత్రము నియమించినది. పచ్చని ఆకుల స్పర్శతో తోలబడిన దూడకు గాయమగునా? గోవులు సంతానవతులై, రోగరహితలై, దొంగల పాలుగాక ఉండవలెనని వెంటనే ప్రార్థన. తుదకు ఆ శాఖనే యజమాని పశువులను రక్షింపుమని వేడి నిలుపుదురు. తోలిన కర్రయే కాపుగా మారుట ఇందలి రహస్యము.

ఈ ధర్మము యాగశాలకే పరిమితము కాలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున గోఽధ్యక్ష ప్రకరణము కలదు. వర్ష, శరత్, హేమంత ఋతువులలో రెండుపూటలు, శిశిర, వసంత, గ్రీష్మములలో ఒక్కపూట మాత్రమే పాలు పిదుకవలెను. మీరి రెండవపూట పిదికినవానికి అంగుష్ఠచ్ఛేదము దండన. గ్రాసము కొరవడు కాలమున దూడ నోటి పాలు దూడకే దక్కుట దీని ఫలము. దూడ, వృషభము, పాడిగోవు అవధ్యములనియు, చంపినవానికి 50 పణముల దండమనియు అర్థశాస్త్రముననే వేరొక ప్రకరణమున విహితము.

పశ్చిమ కర్నూలు సీమకు ఈ చరిత్ర పరాయిది కాదు. మైసూరున చిక్కదేవరాయ ఒడెయరు (1673–1704) పోషించిన రాజగోగణ శాఖకు 'బెణ్ణె చావడి' అని పేరుండగా, టిప్పు సుల్తాను దానిని 'అమృత మహల్' అనెను. 1786లో టిప్పు ఆదోని దుర్గమును పట్టుకొనెను. ఆనాటి సేనల ఫిరంగులను లాగినవి ఎద్దులే. యుద్ధములు గతించినను ఆదోని నల్లరేగడి భూములలో గొర్రును, గుంటకను నడిపినవి ఎద్దులే. ఏరువాక పున్నమినాడు ఎద్దులకు కొమ్ములు రంగులద్ది పూజించుట అందులకు కృతజ్ఞత.

ఎమ్మిగనూరులో పుష్యమాసమున నీలకంఠేశ్వరస్వామి జాతర జరుగును. పశువుల సంతయు, బండలాగుడు పోటీలును అందు ప్రసిద్ధములు. ధర్మమునకు పరీక్ష అక్కడనే. బలమైన ఎద్దును కోరు తొందరలో కొందరు కోడెదూడ తోక మెలిపెట్టుదురు, ముల్లుగర్రతో పొడుతురు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము నిష్కారణముగా కొట్టుటను నేరమనుచున్నది. బరువులు లాగు పశువులను గూర్చిన 1965 నాటి నియమములు ముళ్లున్న కర్రలను నిషేధించినవి. శాసనము నేడు చెప్పునది పలాశశాఖ ఏనాడో చెప్పినది.

అమెరికా శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ పరిశీలనలును ఇదే మార్గమును చూపుచున్నవి. పశువునకు ఇరుపక్కల చూపు విశాలము, సరిగా వెనుక మాత్రము అంధస్థానము. కావున వెనుకనుండి హఠాత్తుగా చేరరాదు. దాని మూపు పక్కన నిలిచి కొంచెము వెనుకకు జరిగిన అది ముందుకు నడచును, ముందుకు జరిగిన ఆగును. అరుపు వలదు, పరుగు వలదు. ఒంటరి దూడ బెదరును. తోడు దూడలతో కలిపి తోలిన నెమ్మదించును. కాడికి అలవాటు చేయునప్పుడు మచ్చికైన ఎద్దుతో జతగూర్చి, కొద్దికొద్దిగా నేర్పవలెను. భయముతో నేర్చిన పశువు మనిషిని చూచిన బెదరుచునే యుండును, ఆ బెదరులో తన్నును, పొడుచును. దయతో పెరిగినది పిలిచిన వచ్చును.

అహింస యనగా చంపకుండుట మాత్రమే కాదు, భయపెట్టకుండుటయు అహింసయే. స్వామి రథోత్సవవేళ నందికి నమస్కరించిన చేయి, మరునాడు సంతలో దూడ తోక మెలిపెట్టరాదు. నందిపూజకు ఫలము ఆ చేతియందే తెలియును.

సర్వం శివార్పణమస్తు.